జీతం పడకపోతే బ్యాంకు మారుస్తామా?

రాత్రి 11 దాటింది. రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగి రూమ్ వైపు నడుస్తున్నా. పిల్లర్ పక్కన ఒక డెలివరీ కుర్రాడు బండి మీద కూర్చుని సెల్ఫ్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. టిక్.. టిక్.. టిక్. ఇంజిన్ తిరగట్లేదు. వెనక బ్యాగులో ఎవరిదో బిర్యానీ చల్లారిపోతోంది.

"అన్నా, జర తోస్తవా? దీనికి కిక్ లేదు."

తోశా. సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలాడు. బండి దగ్గి, స్టార్ట్ అయింది. "థాంక్స్ అన్నా" అని వెళ్లిపోయాడు. రెండు నిమిషాలు నడిచానో లేదో, ఐకియా సిగ్నల్ దగ్గర మళ్లీ వాడే. ఈసారి మీటర్ లైట్ కూడా వెలగట్లేదు. ఎంత తోసినా ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు ఆర్డర్ ఇంకొకరికి వెళ్లిపోయింది. ఫుట్‌పాత్ మీద కూర్చుని అన్నాడు: "రెండు నెలల్ల రెండో బ్యాటరీ అన్నా ఇది. మొదటిది 1500, ఇది 1600. ఒక్కరోజు బండి ఆగితే 800 పోతయ్. ఇగ మూడోది కొనాల్నంటే అప్పు చెయ్యాలె."

"ఛార్జింగ్ వస్తోందో లేదో చూశారా?" అన్నా.

"చూసుడేంది అన్నా? బ్యాటరీ వీక్ అన్నరు, మార్చిన్రు."

సరిగ్గా ఇక్కడే నాకు నా కథ గుర్తొచ్చింది.

బ్రిడ్జి మీద నా బండి

2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి కొత్తగా తెరిచారు. లాక్‌డౌన్‌లో నెలల తరబడి సెల్లార్‌లో పడున్న నా బండికి బ్యాటరీ చచ్చిపోయిందని కొత్తది వేయించా. వేయించిన రెండు వారాలకే, రాత్రి పూట, ఆ బ్రిడ్జి నడిమధ్యలో బండి ఆగిపోయింది. చుట్టూ రంగురంగుల లైట్లు, అందరూ సెల్ఫీలు దిగుతున్నారు. నేనొక్కణ్నే బండి తోసుకుంటూ పోతున్నా. ఎవరి ఫొటోల్లోనో వెనక చెమటలు కక్కుతూ ఉండే ఉంటా. తర్వాత తేలిందేమిటంటే నా బండిలో ఆర్‌ఆర్ యూనిట్ పోయింది. పాత బ్యాటరీ పార్కింగ్‌లో ఊరికే ఉండి పోయి ఉండొచ్చు. కొత్తది మాత్రం తిండి లేక పోయింది.

ఆ రోజు ఒక పెద్దాయన, పాతికేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న మనిషి, నాకు చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేదు. "అకౌంట్‌లో డబ్బుల్లేవని బ్యాంకు మారుస్తరా బేటా? జీతం పడుతుందో లేదో ముందు చూసుకోవాలె కదా!"

అంతే విషయం. బ్యాటరీ ఒక అకౌంట్. అది కరెంటు పుట్టించదు, దాచుకుంటుందంతే. కరెంటు సంపాదించేది ఇంజిన్. సెల్ఫ్ కొట్టినప్పుడు పెద్ద మొత్తం డ్రా చేస్తాం, బండి నడుస్తుంటే మళ్లీ జమ అవుతుంది. జమ ఆగితే ఎంత ఖరీదైన బ్యాటరీ అయినా ఖాళీ అవుతుంది. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పట్టుకోదు. అంటే మంచి బ్యాటరీ కూడా నిజంగానే చచ్చిపోతుంది. అప్పుడు షాపులో చెక్ చేసి "బ్యాటరీ పోయింది" అంటే అది అబద్ధం కాదు. కానీ ఎందుకు పోయింది అనేది ఎవరూ అడగరు.

"శనివారం రాత్రి బ్యాటరీ తీసుకుని మా సెల్లార్‌కి రా. ఆదివారం పొద్దున చూద్దాం" అని నెంబర్ ఇచ్చా. నమ్మకం లేని మొహంతోనే సేవ్ చేసుకున్నాడు.

జీతం ఎలా వస్తుంది?

చెక్ చేసే ముందు దారి తెలియాలి. ఇంజిన్ పక్కన ఒక కవర్ లోపల రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. దాని చుట్టూ అయస్కాంతం తిరుగుతుంటుంది. మెకానిక్‌లు మ్యాగ్నెట్ కాయిల్ అంటారు, పుస్తకాల్లో స్టేటర్ అంటారు. కాయిల్ దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించింది ఇదే. మనం టెన్త్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిందీ ఇదే.

అక్కడ పుట్టేది ఏసీ కరెంటు. బ్యాటరీకి కావాల్సింది డీసీ. మధ్యలో అల్యూమినియం రెక్కలున్న చిన్న డబ్బా ఉంటుంది, అదే ఆర్‌ఆర్ యూనిట్. ఏసీని డీసీగా మార్చడం, వోల్టేజ్ హద్దు దాటకుండా చూడడం దాని పని. చాలా బండ్లలో అవసరానికి మించిన కరెంటును వేడి రూపంలో వదిలేస్తుంది. అందుకే అది ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, అంతమాత్రాన పాడైనట్టు కాదు. అక్కడి నుంచి ఎర్ర వైరు ఫ్యూజ్ మీదుగా బ్యాటరీకి వెళ్తుంది.

కాయిల్, ఆర్‌ఆర్, వైరింగ్, బ్యాటరీ. మొత్తం నాలుగు మజిలీలు. జీతం ఈ నాలుగింటిలో ఎక్కడైనా ఆగొచ్చు. మనం మాత్రం ఎప్పుడూ చివరి మజిలీనే మారుస్తాం, ఎందుకంటే అదే కళ్లకి కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున, సెల్లార్‌లో

కావాల్సింది ఒక డిజిటల్ మల్టీమీటర్. మామూలుది 500 లోపే వస్తుంది. శనివారం రాత్రి బ్యాటరీని నా దగ్గరున్న చిన్న ఛార్జర్‌కి పెట్టాం. ఇది తప్పనిసరి. ఖాళీ బ్యాటరీ పెట్టుకుని ఛార్జింగ్ చెక్ చేస్తే ప్రతి రీడింగూ తప్పుదోవ పట్టిస్తుంది.

మొదట కళ్లతో చూశాం. టెర్మినల్ బోల్టులు టైట్‌గా ఉన్నాయా, తెల్లటి పొడిగానీ ఆకుపచ్చ చిలుముగానీ పట్టిందా, ఫ్యూజ్ బాగుందా. అన్నీ బాగానే ఉన్నాయి. కొన్ని కేసులు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి ఈ ఐదు నిమిషాలు దాటేయొద్దు.

తర్వాత మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ ప్లస్‌కి, నల్ల ప్రోబ్ మైనస్‌కి ఆనించాం. ఛార్జర్ తీసేసి రెండు గంటలైంది. 12.7 చూపించింది. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే అడుగంటినట్టే.

మూడోది, సెల్ఫ్ కొట్టేటప్పుడు రీడింగ్. ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోవడం మామూలే. కానీ 10 దగ్గర్లో నిలబడాలి. 9 కిందికి జారిపోతే బ్యాటరీ లోపల నిజంగానే తేడా ఉంది. వాడి బండిలో 10.8 వచ్చింది.

"అంటే బ్యాటరీ మంచిదేనా అన్నా?"

"నిన్నటిదాకా ఆకలితో ఉంది తమ్ముడూ, అంతే."

నాలుగోది అసలు పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరే రీడింగ్ చూడాలి. ఐడిల్‌లో కొంచెం పెరగాలి. ఎక్సలేటర్ ఇచ్చి 4 వేల ఆర్‌పీఎం దాకా తీసుకెళ్తే 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి. వాడి బండిలో ఐడిల్‌లో 12.4. ఎక్సలేటర్ ఇచ్చాక 12.3. ఇంకో నిమిషానికి 12.2. పెరగాల్సింది తగ్గుతోంది. జీతం పడట్లేదు, ఖర్చు మాత్రం నడుస్తోంది. వాడు రెండు బ్యాటరీలకి 3100 పెట్టాడు. ఈ ఒక్క రీడింగ్ తీసుకోవడానికి మాకు పట్టింది రెండు నిమిషాలు.

ఎక్కడ ఆగింది?

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది "ఆర్‌ఆర్ మార్చెయ్" అంటారు. అది కూడా బ్యాటరీ మార్చడం లాంటిదే, ఊహ మీద ఖర్చు. ఆగాం.

కాయిల్ నుంచి వచ్చే మూడు వైర్లు, ఎక్కువ బండ్లలో పసుపు రంగువి, ఆర్‌ఆర్‌లోకి వెళ్లే కప్లర్ దగ్గర ఇంజిన్ ఆపి విడదీశాం. మీటర్‌ని ఏసీ 200 వోల్టులకి మార్చాం. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆ మూడింటిలో రెండేసి వైర్ల మధ్య కొలిచాం. ఒకటి రెండు, రెండు మూడు, ఒకటి మూడు. చేతులు లోహానికి తగలకుండా చూసుకోవాలి, ఇక్కడ వోల్టేజ్ తక్కువేమీ కాదు. 4 వేల ఆర్‌పీఎం దగ్గర మూడుచోట్లా 50కి అటూఇటుగా వచ్చింది. అంకె ఎంత అనేది బండిని బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మనకి కావాల్సింది, మూడూ సమానంగా ఉండటం, ఎక్సలేటర్‌తో పాటు పెరగడం. ఒకచోట మాత్రం సున్నానో, మరీ తక్కువో వస్తే కాయిల్ కాలినట్టు. ఇంజిన్ ఆపి, ఆ వైర్లకీ బండి బాడీకీ మధ్య కంటిన్యుటీ కూడా చూశాం. బీప్ వస్తే కాయిల్ లోపల షార్ట్ అయినట్టు. రాలేదు. కాయిల్ బాగుంది.

అంటే ఆర్‌ఆరేనా? ఇంకా కాదు. కప్లర్ మళ్లీ పెట్టి, ఇంజిన్ నడిపిస్తూ, మీటర్‌ని డీసీకి మార్చి ఒక ప్రోబ్ ఆర్‌ఆర్ నుంచి బయటికొచ్చే ఎర్ర వైరు మొదట్లో, ఇంకోటి బ్యాటరీ ప్లస్ మీద పెట్టాం. రెండూ ఒకే వైరుకి రెండు చివరలు. కాబట్టి మధ్యలో తేడా 0.2, మహా అయితే 0.3 వోల్టులు ఉండాలి. మీటర్ 2.1 చూపించింది.

వాడూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఆర్‌ఆర్ కరెంటు పంపిస్తోంది. దారిలో ఎవరో తినేస్తున్నారు.

సీటు తీసి ఆ ఎర్ర వైరు వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లా. ఫ్రేమ్ పక్కన, బండి కడిగినప్పుడల్లా నీళ్లు పడే చోట, ఒక కప్లర్. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ బిస్కెట్ రంగులోకి వచ్చింది. విడదీస్తే లోపల ఒక పిన్ను నల్లగా మాడిపోయి, ప్లాస్టిక్ కరిగి దానికి అంటుకుపోయి ఉంది.

ఇది ఎలా జరుగుతుందంటే, పిన్ను కొంచెం వదులవుతుంది లేదా తేమ చేరి చిలుము పడుతుంది. దాంతో అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఉదాహరణకి 0.3 ఓమ్ అనుకోండి, చాలా చిన్నదే. కానీ 8 ఆంపియర్లు దాని గుండా వెళ్తుంటే ఎనిమిది ఎనిమిదులు 64, దాన్ని 0.3తో గుణిస్తే 19 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అంటే అగ్గిపుల్ల తలంత చోట దాదాపు ఒక సోల్డరింగ్ ఐరన్ మండుతున్నట్టే. వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరికి బ్యాటరీకి చేరేది ఏమీ మిగలదు.

పక్క వీధి ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి బండి తోసుకెళ్లాం. మాడిన కప్లర్ కోసేసి, కొత్త పిన్నులు గట్టిగా క్రింప్ చేసి, కొత్త కప్లర్ వేశాడు. వైర్లు మెలిపెట్టి టేప్ చుడితే సరిపోదా అంటే, "పదిరోజుల్ల మళ్లా వస్తవ్" అన్నాడు. 150 రూపాయలు తీసుకున్నాడు.

మళ్లీ మీటర్ పెట్టాం. ఐడిల్‌లో 13.3. ఎక్సలేటర్ ఇస్తే 14.2. అక్కడే నిలబడింది. వాడు ఆ అంకెకి ఫొటో తీసుకున్నాడు. "గీ 150 రూపాయల దానికి రెండు నెలలు తిరిగిన్నా అన్నా!" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అర్థం కాలేదు.

రీడింగ్ వేరేలా వస్తే?

కాయిల్ బాగుండి, వైర్లు, కప్లర్లు, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కూడా బాగుండి, అయినా 14 దగ్గరికి రాకపోతే అప్పుడు ఆర్‌ఆర్ మార్చండి. రీడింగ్ 15 దాటిపోతే అది ఇంకో రోగం. ఆర్‌ఆర్ హద్దు మర్చిపోయింది. బల్బులు మాటిమాటికీ కాలిపోతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది. దానికీ బ్యాటరీ మారిస్తే లాభం లేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా బ్యాటరీ దిగిపోతోందా? అప్పుడు ఖర్చు లెక్క చూడాలి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే టూవీలర్లలో ఇంజిన్ నడిచినంతసేపు ముందు లైట్ వెలుగుతూనే ఉంటుంది, ఆపే స్విచ్ ఉండదు. దానికి మనం ఫాగ్ లైట్లు తగిలిస్తాం, ఫోన్ ఛార్జర్ పెడతాం. సాయంత్రం ఆరింటికి బయో డైవర్సిటీ నుంచి మైండ్‌స్పేస్ దాకా పాకుతూ వెళ్తే ఇంజిన్ దాదాపు ఐడిల్‌లోనే ఉంటుంది. ఐడిల్‌లో కాయిల్ సంపాదన తక్కువ. ట్రాఫిక్‌లో గంట గడిపి, ఐదారుసార్లు సెల్ఫ్ కొడితే జమ కంటే డ్రా ఎక్కువ.

బండి ఆపాక కూడా తినేవి ఉంటాయి. జీపీఎస్ ట్రాకర్, బ్యాటరీకి డైరెక్ట్‌గా కలిపిన ఛార్జర్ లాంటివి. 50 మిల్లీ ఆంపియర్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ రోజుకి 24 గంటలు కలిపితే 1.2 ఆంపియర్ అవర్. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. వారం ఊరెళ్లి వచ్చాక బండి స్టార్ట్ కాకపోవడం వెనక తరచుగా ఇదే ఉంటుంది. తాళం ఆపి, మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటర్‌ని మిల్లీ ఆంపియర్ల మీద పెడితే దొంగ దొరుకుతాడు. ఆ టైమ్‌లో మాత్రం సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ ఫ్యూజ్ పోతుంది.

కారు ఉన్నవాళ్లకి కూడా కథ ఇదే, పాత్రల పేర్లే వేరు. కాయిల్, ఆర్‌ఆర్ బదులు ఆల్టర్నేటర్, దాన్ని తిప్పే బెల్ట్. ఇంజిన్ నడుస్తుండగా డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే "బ్యాటరీ పాతదైంది" అని కాదు, "జమ ఆగింది" అని. ఏసీ, మ్యూజిక్ ఆపేసి, ఇంజిన్ మాత్రం ఆపకుండా దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. బెల్ట్ తెగి ఇంజిన్ వేడెక్కుతుంటే మాత్రం వెంటనే పక్కకి ఆపాలి. "నాది ఈవీ, నాకేంటి" అనుకుంటున్నారా? దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ కారులోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచి దానికి కన్వర్టర్ ద్వారా ఛార్జ్ వెళ్తుంది. అది ఆగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలకపోవచ్చు.

ఈ ఒక్కటి మాత్రం చేయొద్దు

పాత రోజుల్లో ఒక చిట్కా ఉండేది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేయడం. బండి ఆగకపోతే ఛార్జింగ్ ఉన్నట్టు. ఇప్పటికీ కొందరు చేస్తారు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఆ పని చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి ఈసీయూ కాలిపోవచ్చు. 150 రూపాయల సమస్య వేలల్లోకి వెళ్తుంది. ఎవరైనా మీ బండికి అలా చేయబోతే మొహమాటపడకండి, చేయి పట్టుకుని ఆపండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. ఆ వరస కూడా మర్చిపోవద్దు.

మెకానిక్‌లందరూ మోసం చేస్తారని నేను అనట్లేదు. క్యూలో పది బండ్లున్నప్పుడు, కస్టమర్ "జల్దీ చెయ్ అన్నా" అంటున్నప్పుడు, బ్యాటరీ మార్చడం అందరికీ సులువు. మనం అడిగితే వాళ్లూ చూస్తారు. కాబట్టి ఈసారి ఎవరైనా "బ్యాటరీ మార్చాలి" అంటే గొడవపడకుండా ఒకే ఒక్క మాట అడగండి: "అన్నా, రేజ్ చేస్తే ఛార్జింగ్ ఎన్ని వోల్టులొస్తోంది?" ఆ అంకె చెప్పాకే డబ్బులు తీయండి. కొత్త బ్యాటరీ వేసిన రోజు కూడా అదే అడగండి.

మొన్న రాత్రి మెట్రో దిగుతుంటే వాడు కనిపించాడు. బండి ఆపి, బ్యాగు సైడ్ జేబులోంచి ఒక పసుపు రంగు మల్టీమీటర్ తీసి చూపించాడు. సొంతంగా కొనుక్కున్నాడట. వాళ్ల రూమ్ కింద ఇప్పుడు ఆదివారం పొద్దున నాలుగైదు డెలివరీ బండ్లు లైన్‌లో ఉంటాయట. "ముగ్గురివి చూసిన అన్నా. ఒకని బ్యాటరీ నిజంగనే పోయింది. ఇంకిద్దరివి కాలే, వైర్లే" అన్నాడు.

బటన్ నొక్కాడు. టిక్ టిక్ వినిపించలేదు. ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది.